తరువాత పరిశీలించబడును

ఫ్యాక్టరీలో సమ్మె మొదలైన రోజున మా ఇంట్లో ముగ్గురమూ ఒకే వైపు ఉన్నాం. ఆ తర్వాత రెండున్నర నెలల్లో ఎవరు ఎటు జరిగారో, నేను ఎక్కడ నిలబడ్డానో వరసగా చెప్పమంటే ఇప్పటికీ తడబడతాను. జరిగింది మాత్రం జరిగినట్టు చెప్పగలను.

తాండూరు నుంచి యాలాల్ వెళ్లే దారిలో ఉంది ఆ బండల పాలిషింగ్ ఫ్యాక్టరీ. నాయిన అక్కడ కటింగ్ మిషన్ నడిపేవాడు. పాలిషై వచ్చిన బండలను కడిగి, తుడిచి, సైజుల వారీగా నిలబెట్టే పని ఆడవాళ్లది. అమ్మ వాళ్లలో ఒకతె. నేను బీకాం పూర్తి చేసి బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ సెంటర్‌లో టైపింగ్ పని చేస్తున్నాను. యూనియన్ కాగితాలన్నీ నా చేతి మీదుగానే వెళ్లేవి, ఎందుకంటే యూనియన్ ప్రెసిడెంట్ మా నాయినే.

శంకరప్ప అనే ఆ ప్రెసిడెంట్‌ను చూస్తే ఎవరూ లీడర్ అనుకోరు. గొర్రెల కాపరుల ఇంట్లో పుట్టి, పాతికేళ్లు దాటేదాకా మంద వెంట తిరిగినవాడు. ఊరేగింపులో కూడా ముందు నడవడు. అందరినీ ముందుకు పోనిచ్చి, చివర్న కర్ర పట్టుకున్నవాడిలా నడుస్తాడు. గట్టిగా మాట్లాడడం రాదు. కానీ మాట తప్పడని పేరుంది. మిషన్ మీద పనిచేసే మగవాళ్లు, కడిగే ఆడవాళ్లు అందరూ కలిసి అతన్నే ఎన్నుకున్నారు.

ఉగాది అయిన వారానికి గేటు ముందు టెంటు వేశారు. అడిగింది ఒకటే. పనిచేసే ప్రతి మనిషి పేరూ ఫ్యాక్టరీ రిజిస్టర్లో ఎక్కాలి, పీఎఫ్ కట్టాలి, ముసలితనంలో పింఛన్ రావాలి. ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లకు కూడా అక్కడ పనిచేస్తున్నట్టు ఒక్క కాగితం ముక్క లేదు.

మొదటి రోజు, మావాళ్లంతా పటేల్ అని పిలిచే ఓనర్ జనార్దన్ రెడ్డి కారు గేటు దగ్గర ఆగింది. ఆయన దిగి, టెంటు నీడలోకి వచ్చి నిలబడ్డాడు. కోపంగా లేడు. నొచ్చుకున్నట్టు ఉన్నాడు.

"ఏందయ్యా శంకరప్పా, నువ్వు గూడనా? మీ ఇంట్ల కింద పరిచిన బండలు ఎక్కడియి?"

"మీవే పటేల్" అన్నాడు నాయిన. "పగిలినయి."

వెనక నుంచి అమ్మ అందుకుంది. "పగిలినయి గూడ కడిగే ఇచ్చిన్రు పటేల్. నేనే కడిగిన."

టెంటంతా గొల్లున నవ్వింది. జనార్దన్ రెడ్డి కూడా నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాడు. నాయిన అమ్మ వైపు చూసిన చూపు నాకు బాగా గుర్తు. పెళ్లైన పాతికేళ్లకు ఒక మనిషి భార్యను చూసి అంత సంబరపడడం నేను వేరే ఎక్కడా చూడలేదు.

ఆ నెలంతా మా ఇల్లు ఒక పండగ ఇల్లులా ఉంది. చేతిలో పైసా లేదు, పొయ్యి మీద జొన్న రొట్టె, పచ్చిపులుసు తప్ప ఏమీ లేదు. అయినా పొద్దున్నే ఇద్దరూ కలిసి వెళ్లేవారు. అంతకుముందు ఎప్పుడూ అట్లా కలిసి వెళ్లింది లేదు. మిషన్ వాళ్ల పని ఏడింటికి, ఆడవాళ్ల పని ఎనిమిదింటికి.

మే నెల నడుమకొచ్చేసరికి ఎండకు టెంటు గుడ్డ చీలికలైంది. మనుషులు కూడా. రోజూ ఒకరిద్దరు తక్కువ కనబడేవారు. అడిగితే జ్వరం అనేవారు, పెళ్లి అనేవారు.

ఒక మధ్యాహ్నం నాయిన జిరాక్స్ సెంటర్‌కు వచ్చాడు. వెంట యూనియన్ సెక్రటరీ బాల్‌రాజ్ ఉన్నాడు. బాల్‌రాజ్ చేతిలో రెండు కాగితాలు. ఒప్పందం కుదిరిందన్నారు. నాకు ఎంత సంతోషమైందంటే ముందున్న గిరాకీని పక్కన కూర్చోమని చెప్పి వెంటనే టైపింగ్ మొదలుపెట్టాను.

మొదట షరతులు. తర్వాత పేర్లు. మొదటి పేరు కె. శంకరప్ప. అట్లా ముప్పై ఒక్క పేర్లు కొట్టాను. అన్నీ మిషన్ వాళ్లవి. ఆఖరి పేరు అయ్యాక చేయి చాపాను.

"ఇంకో కాగితం ఏది నాయినా?"

"గంతే."

"ఆడోళ్ల పేర్లు?"

బాల్‌రాజ్ వేలు పెట్టి చూపించాడు. "కింద రాసున్నది చూడు బిడ్డ. ఆఖరి లైను."

చదివాను. 'మహిళా హెల్పర్ల విషయము తరువాత పరిశీలించబడును.'

అదీ కొట్టాను. నాయిన స్టూలు నా పక్కకు జరుపుకుని కూర్చున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

"మొదలు గింతమందికి గానియ్యి, బిడ్డ. మల్ల వాళ్లది అడుగుదం. మొన్ననే నలుగురు పోయి పటేల్ కాళ్లు మొక్కి, పనికొస్తమని చెప్పొచ్చిన్రు. ఇంకో వారమైతే పదిమంది పోతరు. అప్పుడు సమ్మె ఉండదు, యూనియన్ ఉండదు. ఎవ్వలికీ ఏం రాదు. చేతికొచ్చిన కాడికి పట్టుకోవాలె."

"అమ్మకు ఎరుకనా?"

"నేను చెప్త. నువ్వు చెప్పకు."

నాయిన చెప్పిన లెక్కలో అబద్ధం ఏమీ లేదు. ఆ నలుగురి పేర్లు నాకూ తెలుసు. ఇంకో వారం ఆగితే నిజంగానే అంతా చెదిరిపోయేది.

"గా మాటకు అర్థమేంది?" అన్నాడు నాయిన ఉన్నట్టుండి, తెర మీది ఆఖరి లైను చూపించి. నాయిన చదువుతాడు గానీ కూడబలుక్కుని. "పరిశీలించ... బడును. చేస్తమనా, చెయ్యమనా?"

"చూస్తరంట."

"ఎవలు చూస్తరు?"

"అది అందుల ఉండదు నాయినా. ఆ మాట అట్లనే ఉంటది."

నాయిన కాసేపు ఆ లైను వంకే చూశాడు. "ఉండనియ్యి మల్ల" అని లేచాడు. నేను ప్రింట్ తీసి ఇచ్చాను. మూడు కాపీలు.

ఆ రోజు నాయిన చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. నేను అమ్మ మొహం చూడకుండా తిని, గిన్నె కడిగి పెట్టేసి పనికి పోయేదాన్ని. చెబితే నాయినకు ద్రోహం, చెప్పకపోతే అమ్మకు. ఇంతకన్నా దూరం నా ఆలోచన పోలేదు. ఎవరో ఒకరు చెప్పేస్తే బాగుండని మాత్రం అనుకున్నాను.

మూడో రోజు పొద్దున మార్త వచ్చింది. అమ్మతో పాటే బండలు కడుగుతుంది. నలభై ఏళ్లుంటాయి. మాట కొట్టినట్టు ఉంటుంది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే రోడ్డు మీదికి వినబడుతుంది. చేతిలో ఒక జిరాక్స్ కాపీ తెచ్చింది.

"జంగమ్మక్కా, ఇగో, ఒప్పందమట. ఇందుల నీ పేరు ఉన్నదేమో సూపియ్యి."

అమ్మ రొట్టె కొడుతోంది. చేతులు పిండిలో ఉన్నాయి. "అశ్వినీ, జర సదువే" అంది.

నేను కాగితం తీసుకుని చదివాను. షరతులు, పేర్లు, ఆఖరి లైను. ఎక్కడా తడుముకోకుండా చదివేశాను. అమ్మ నన్నే చూస్తోంది.

"కాయిదం సూడకుండనే సదువుతున్నవేందే?"

నేను కాగితం మడతపెట్టాను.

"నువ్వే కొట్టినవా?"

"అవునమ్మా."

"నాయిన చెప్పొద్దన్నడా?"

తల ఊపాను. అమ్మ తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "మంచిది" అని పెనం మీద రొట్టె తిరగేసింది. మార్త వైపు తిరిగి, "మనోళ్లు ఎంతమంది ఉంటరే?" అని అడిగింది.

"పిలిస్తే అందరొస్తరు. ఇరవై రెండుమంది."

"టెంటు తీసేసిన్రా?"

"నిన్ననే తీసిన్రు."

"అయితే చీరలు గడదం" అంది అమ్మ.

ఆ మాటప్పుడే నాయిన స్నానం చేసి దొడ్లోంచి లోపలికి వచ్చాడు. మార్తను చూశాడు, నా చేతిలో కాగితం చూశాడు. అతనికి అర్థమైంది. "జంగమ్మా, నేనే చెప్దమనుకున్న..." అని మొదలుపెట్టాడు.

"బస్సు వచ్చింది, నువ్వెక్కినవ్" అంది అమ్మ, రొట్టె అతని పళ్లెంలో వేస్తూ. "ఎక్కినోడు సీటు సూసుకుంటడు. కింద నిలబడ్డోళ్ల కోసం బస్సు ఆపుతడా? తిను, సల్లారుతది."

ఆ తర్వాత నెల దాటేదాకా వాళ్లిద్దరి మధ్య మాట లేదు.

సోమవారం మగవాళ్లు పనిలోకి వెళ్లే రోజు. నేను సెలవు పెట్టి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. గేటుకు ఒక పక్కన వేప కొమ్మలకు నాలుగు పాత చీరలు కట్టి ఆడవాళ్లు కూర్చున్నారు. దారికి అడ్డం కూర్చోలేదు. అమ్మే వద్దంది. "పోయెటోళ్లను పోనియ్యుండ్రి. మనల సూసుకుంట పోతే సాలు."

మిషన్ వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. కొందరు సెల్‌ఫోన్ చెవికి పెట్టుకున్నారు, మాట్లాడుతున్నట్టు. ఒకడు అటువైపు గోడ పట్టుకుని నడిచాడు. వాళ్లలో సగంమంది భార్యలో, వదినలో, మేనత్తలో ఈ చీరల నీడలోనే ఉన్నారు.

నాయిన ఎప్పటిలాగే చివర్న వచ్చాడు. గేటు దగ్గరకు వచ్చేదాకా తల ఎత్తే నడిచాడు. అమ్మ ముందు ఆగాడు. అక్కడ ఆగాల్సిన అవసరం లేదు. ఆగి, చేతిలోని మంచినీళ్ల డబ్బా అమ్మ పక్కన నేల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

అమ్మ దాన్ని ముట్టుకోలేదు. కొంచెంసేపటికి రాధమ్మ అనే అమ్మాయి, అందరికన్నా చిన్నది, దాహమై తీసుకుని తాగింది. "మంచి సల్లగున్నయి" అంది.

నేను రోడ్డుకు ఇవతల నిలబడి ఉన్నాను. వెళ్లి వాళ్లతో కూర్చోవాలా? కూర్చుంటే లోపలికి వెళ్లిన మనిషిని తప్పు పట్టినట్టా? అట్లాగే నిలబడి ఉంటే ఎండ నెత్తికెక్కింది. ఇంటికి వచ్చేశాను.

ఇంట్లో ఇద్దరికీ నేనే మాట అందించేదాన్ని. "నాయినను అన్నానికి రమ్మను." "మీ అమ్మకు మందు గోలీలు ఉన్నయో అయిపోయినయో అడుగు." మూడడుగుల దూరంలో కూర్చుని ఇద్దరూ నాకే చెప్పేవారు. నాయిన మొదటి జీతం తెచ్చి దేవుడి పటం దగ్గర పెట్టాడు. అమ్మ తీయలేదు. చివరికి బియ్యం నేను తెచ్చాను.

ఒక రోజు నాయిన పనికి పోయాక అడిగాను. "అమ్మా, నాయిన చెప్పింది గూడ నిజమే కదా. సంతకం చేయకపోతే అందర్ది పోయేది."

"నిజమే" అంది అమ్మ.

"మరి?"

"మరి ఏంది? నిజమే అన్న గద."



ఆడవాళ్లు లేబర్ ఆఫీసుకు అర్జీ పెట్టుకోవాలనుకున్నారు. అమ్మ నన్ను అడగలేదు. "నీ నాయిన కాయిదాలు నువ్వు రాయి. మాయి మేం రాపిచ్చుకుంటం" అంది. తహసీల్ ఆఫీసు ముందు కూర్చునే ఒకతనితో రాయించారు. రెండు రోజులకు మార్త దాన్ని జిరాక్స్ సెంటర్‌కు తెచ్చి నా ముందు పడేసింది.

"దీన్ల ఏం రాసిండో సూడు. 'దయగల దొరవారు మమ్మల కాపాడగలరు' అని రాసిండు. మేం దయ అడుగుతున్నమా?"

"అమ్మ నన్ను రాయొద్దన్నది మార్తక్కా."

"మీ అమ్మ అన్నది. నేను రాయమంటున్న. నేను గూడ ఆడనే కూసున్న గద."

మార్త చెబుతూ ఉంటే రాశాను. ఎవరు ఎప్పటి నుంచి పనిచేస్తున్నారు, ఏం పని చేస్తున్నారు. వాక్యం మధ్యలో ఆగి, ఇందులో అంతా చేసినవాళ్ల పేర్లతోనే రాయాలని నిర్ణయించుకున్నాను. జంగమ్మ కడుగుతుంది. రాధమ్మ మోస్తుంది. ఓనరు చేర్చుకోలేదు. చేర్చుకోవాలి. ఎక్కడా 'బడును' రానీయలేదు. అది పెద్ద పనేమీ కాదు. అయినా ఆ రోజు ఇంటికి కొంచెం తేలిగ్గా నడిచాను.

జూన్ రెండో వారంలో వికారాబాద్ నుంచి పిలుపు వచ్చింది. ఓనర్నూ, ఆడవాళ్లనూ, యూనియన్‌నూ ముగ్గురినీ రమ్మన్నారు. ఒప్పందం మీద సంతకం ఉంది కాబట్టి నాయిన కూడా రావాలి.

అమ్మవాళ్లకు బస్సు ఫ్రీ. ఆధార్ కార్డులు చేతుల్లో పట్టుకుని ఆరుగురు వికారాబాద్ బస్సెక్కారు, నేను ఏడోదాన్ని. నాయిన, బాల్‌రాజ్ రైలుకు వెళ్లారు. ఒకే ఇంటి నుంచి, ఒకే ఆఫీసుకు, వేర్వేరుగా. ధారూర్ దాటాక చినుకులు మొదలయ్యాయి. అమ్మ కిటికీ మూసి, "విత్తనాలేస్తరు ఇంగ" అంది. దారిలో ఆమె మాట్లాడింది అంతే.

లేబర్ ఆఫీసులో ఉన్న అధికారిణి యాభై ఏళ్ల మనిషి. కళ్లజోడు ముక్కు మీదికి జారితే వేలితో ఎగదోసుకుంటూ అర్జీ మొత్తం చదివింది. జనార్దన్ రెడ్డి తన కొడుకు మహిధర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. మాట్లాడింది మాత్రం జనార్దన్ రెడ్డే.

"మేడమ్, వీళ్లు మా వర్కర్లు కారు. పనుంటే మేస్త్రీ తోలుకొస్తడు. కంది కోతలప్పుడు పోతరు, పొలం పని లేనప్పుడు వస్తరు. ఇయ్యాల వచ్చినామె రేపు రాదు. ఎవరి పేరని ఎక్కియ్యమంటరు?"

"అబద్ధం" అని మార్త లేచింది. అధికారిణి చేయి చూపి కూర్చోబెట్టింది.

"మీ దగ్గర ఏమైనా కాగితం ఉందామ్మా? గుర్తింపు కార్డు, జీతం చీటీ?"

ఎవరి దగ్గరా లేదు. ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లే కాదు. ఆమె కాసేపు ఆలోచించి నాయిన వైపు తిరిగింది.

"యూనియన్ ప్రెసిడెంట్ మీరేనా? ఈ హెల్పర్లు ఏడాది పొడుగునా పనిచేస్తారా, అప్పుడప్పుడా?"

నాయిన లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. జనార్దన్ రెడ్డి అతన్నే చూస్తున్నాడు. బాల్‌రాజ్ కింద నుంచి అంగీ అంచు లాగాడు. మన ముప్పై ఒక్క మంది కాగితం ఇంకా కొత్తది, పీఎఫ్ నంబర్లు ఇంకా రాలేదు, ఇప్పుడు పటేల్‌కు కోపం తెప్పిస్తే మనదీ పోతుందని రైల్లో దారంతా చెబుతూనే వచ్చాడట.

నాయిన ఏమీ అనలేదు. చాలాసేపు అనలేదు.

"సరే, ఒక్కరి పేరుతో అడుగుతాను" అంది అధికారిణి అర్జీలో మొదటి పేరు మీద వేలు పెట్టి. "జంగమ్మ. ఈమె ఎన్నేళ్ల నుంచి పనిచేస్తోందో తెలుసా మీకు?"

"తెలుసు మేడమ్."

"ఎన్నేళ్లు?"

"నాకన్న ఒక ఏడాది ఎక్కువ."

నాయిన నేల చూస్తూ చెప్పాడు.

"నేను గొర్లమ్ముకొని పనికోసం తిరుగుతుంటే, ఆమె అప్పటికే ఆడ బండలు కడుగుతుండె. మేస్త్రీకి చెప్పి నన్ను పెట్టిచ్చింది ఆమెనే."

"మధ్యలో మానేసిందా?"

"ఒక్క కాన్పుకు, రెండు నెలలు." అని తల తిప్పి నన్ను చూశాడు. "గీ పిల్ల పుట్టినప్పుడు."

అధికారిణి కళ్లజోడు తీసింది. "ఈమె మీకేమవుతుంది?"

"నా భార్య మేడమ్. మిగిలినోళ్లు గూడ గంతే. కందికోతలకు ఎవలు పోలే. ఎండకాలం, వానకాలం ఆడనే ఉంటరు. మేం కోసిన బండ వాళ్లు కడగకపోతే బయటికి పోదు."

ఆమె రాసుకుంది. జనార్దన్ రెడ్డి ఏదో అనబోయి ఆగి, మహిధర్ చెవిలో మాట్లాడాడు. నేను అమ్మ వైపు చూశాను. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. మొహంలో సంతోషం వెతికాను. కోపం వెతికాను. ఏదీ దొరకలేదు.

బయటికి వచ్చాక బాల్‌రాజ్ నాయినను పట్టుకుని, "ఎంత పని జేస్తివే శంకరన్నా" అన్నాడు. నాయిన, "అడిగింది, చెప్పిన" అన్నాడు. బాల్‌రాజ్ వెళ్లిపోయాక నేను నాయిన దగ్గరకు పోయాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మరి ఆ రోజు సంతకం ఎట్ల చేసినవ్ నాయినా?"

"ఆ రోజు చేసింది తప్పు కాదు, బిడ్డ."

"ఇయ్యాల చెప్పింది?"

"ఇది గూడ తప్పు కాదు." తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "రెండు కలిపితే ఏమైతదో నాకు సమజైత లేదు. పో, మీ అమ్మ బస్సు పోతది."

పది రోజులకు రెండో ఒప్పందం అయింది. జూలై ఒకటి నుంచి ఇరవై రెండు మంది ఆడవాళ్ల పేర్లు రిజిస్టర్లో ఎక్కుతాయి. పీఎఫ్ కడతారు. గడిచిన ఏళ్లు మాత్రం లెక్కలోకి రావు. ఈసారి టైపింగ్ మహిధరే ఎక్కడో చేయించి తెచ్చాడు. సంతకాలు వికారాబాద్‌లోనే. మార్త పెట్టింది, రాధమ్మ పెట్టింది, అమ్మ పెట్టింది.

పింఛన్ రావాలంటే పదేళ్లు సర్వీసు ఉండాలని, యాభై ఎనిమిది నిండేదాకా చేసిందే లెక్కని ఆ రోజు అధికారిణి అందరికీ విడమరచి చెప్పింది. అమ్మకు ఆధార్ ప్రకారం యాభై ఐదు. తిరుగు బస్సులో ఆమె పక్కన కూర్చుని వేళ్ల మీద మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను. ఎట్లా లెక్కపెట్టినా మూడే వస్తున్నాయి.

"అమ్మా, నీకు పింఛన్ రాదు."

"ఎరుకే."

"ఎప్పటి సంది ఎరుక?"

"మార్త మొదట్లనే కనుక్కొచ్చింది. నాకు రాదు. ఇంకో నలుగురికి గూడ రాదు."

"మరి నెల దినాలు ఎండల ఎందుకు కూసున్నవమ్మా?"

అమ్మ నన్ను వింతగా చూసింది, తెలివితక్కువ మాట అడిగినట్టు. ముందు సీట్లో రాధమ్మ తల కిటికీకి ఆనించి నిద్రపోతోంది.

"దానికి ముప్పై రెండు" అంది అమ్మ.

తర్వాత కొంగు నెత్తి మీదుగా కప్పుకుని తానూ కళ్లు మూసుకుంది.

ఇంతటితో అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. యూనియన్ మీటింగులో బాల్‌రాజ్‌ను ప్రెసిడెంట్ చేశారు. చేతులెత్తమన్నప్పుడు నాయిన కూడా అతనికే ఎత్తాడని విన్నాను. జనార్దన్ రెడ్డి ఎవరినీ పనిలోంచి తీయలేదు. కటింగ్ మిషన్‌కు రిపేరు ఉందని, అది అయ్యేదాకా బండలు కడిగే దగ్గర ఉండమని నాయినకు చెప్పారు. రిపేరు వారంలో అయిపోయింది. మిషన్ మీద వేరేవాణ్ని పెట్టారు. జీతం తగ్గించలేదు, పేరు తీయలేదు. కాబట్టి ఫిర్యాదు చేయడానికి కూడా ఏమీ లేదు.

దీన్ని నాయిన ఓడిపోవడం అనాలా? నాకు తెలియదు. అడిగితే అతను నవ్వి ఊరుకున్నాడు.

మొదటి రోజు కడుగుడు పనికి పోయి సాయంత్రం వచ్చాడు. అమ్మ అతనికన్నా నాలుగడుగులు ముందు వచ్చింది. నాయిన గడపలో కూర్చుని చేతులు ముందుకు చాపి చూసుకున్నాడు. రోజంతా రాతి పొడి కలిసిన నీళ్లలో నాని వేళ్ల సందులు తెల్లగా పగిలాయి. కణుపుల దగ్గర ఎర్రగా లేచింది. ఇరవై మూడేళ్లు మిషన్ పట్టిన చేతులే. అయినా ఈ మంట వాటికి కొత్త.

"అశ్వినీ, మీ అమ్మను అడుగు..." అని మొదలుపెట్టి ఆగాడు. ఆగి, తల తిప్పి నేరుగా ఆమెతోనే అన్నాడు.

"జంగమ్మా, మస్తు మండుతున్నయే. నీకు గూడ గిట్లనే మండుతుండెనా?"

అమ్మ బియ్యం చేటలో వేసుకుని రాళ్లు ఏరుతోంది. తల ఎత్తకుండా చేయి చాపి, గూట్లోంచి కొబ్బరినూనె సీసా తీసి అతని వైపు నేల మీద దొర్లించింది. అది బండల మీద గలగలమంటూ పోయి అతని మోకాలికి తగిలి ఆగింది.

"రెండు నెలలు మండుతయి" అంది. "మల్ల ఎరుక గాదు."

అది ఓదార్పో, దెప్పిపొడుపో ఇప్పటికీ నాకు తేలలేదు. నాయిన మాత్రం సీసా మూత తీసి, ఆమె చెప్పినంత కాలానికీ ఒప్పుకున్నట్టు తల ఊపి, వేళ్లకు నూనె రాసుకోవడం మొదలుపెట్టాడు.